మూసీ యొడ్డు త్రోవ



పల్లెనుండి పట్టణమునకు బోవు త్రోవలనుగూర్చి వ్రాయునప్పుడు మన చరిత్రకారులు సాధారణముగ రాజమార్గములనే పేర్కొందురు. సేనలు నడచిన బాటలకును, వజ్రవర్తకుల బండ్లు సాగిన బాటలకును గ్రంథములలో చోటు దొరకినది. నెత్తిమీద మూటతో, చేత కర్రతో, చంక బిడ్డతో నడచిన సామాన్యుల కాలిబాటకు మాత్రము శాసనము లేదు, దస్తరము లేదు. అట్టి బాట నొకదానినిగూర్చి ఈ దినము మీకు విన్నవింపదలచితిని. వికారాబాదు చెంత అనంతగిరి కొండలలో బుట్టి, తూర్పుముఖముగ దిగి, హైదరాబాదు నగరము నడుమనుండి పారి, నల్లగొండ జిల్లాలోని వాడపల్లి కడ కృష్ణలో గలియు మూసీనది యొడ్డున ఆ బాట సాగుచుండెను. నది మొత్తము పొడవు రమారమి 150 మైళ్లు. అందు కొండమొదలుకొని నగరమువరకు గల పైభాగమే నా ప్రసంగమునకు విషయము. ఆ బాట చీలిక యొకటి నేను నివసించు సికిందరాబాదు వరకును వచ్చుచుండెను. దానినిగూర్చియు జెప్పెదను.

ఒక్క మాట ముందుగనే చెప్పవలెను. ఇది యెవరో కొలతవేసి, రాళ్లు పాతి, నిర్మించిన త్రోవ కాదు. ఊరినుండి ఊరికి, రేవునుండి రేవునకు, గుడినుండి గుడికి జనులు నడచి నడచి యేర్పరచిన తునుకల కూర్పు మాత్రమే. ఒక యూరివారు దాని నంతటిని యెరుగరు. తమ యూరి పొలిమేరనుండి పై యూరి పొలిమేరవరకే యెరుగుదురు. అయినను తునుకకు తునుక కలుపుకొనుచు బోయినచో కొండకొనయందు బయలుదేరినవాడు మూడవనాటి సాయంకాలమునకు పురానాపూల్ వంతెన జేరగలడు. నేను దీనిని ఒక్క పయనమున గాక వేర్వేరు సంవత్సరములలో, విడతలు విడతలుగ నడచితిని.

నది పుట్టుకనుగూర్చి పెద్దలు చెప్పు కథ మీలో ననేకులకు దెలిసినదే. దేవతలకు యుద్ధమున సాయపడి యలసిన ముచుకుందుడను రాజు కొండగుహలో నిద్రించుచుండగా, శ్రీకృష్ణుడు కాలయవనుని ఆ గుహలోనికి రప్పించెననియు, మేల్కొన్న రాజు చూపునకు యవనుడు భస్మమయ్యెననియు, పిమ్మట రాజు కృష్ణుని పాదములు గడుగగా ఆ నీరే నదియై పారెననియు చెప్పుదురు. మూసీకి ముచుకుంద యను పేరు అందువలన వచ్చినదట. అనంతపద్మనాభస్వామి యాలయము ఆ కొండమీదనే యున్నది. జాతరకు బోవువారు ఆ దారినే యెక్కుదురు, దిగుదురు. కొండపైనుండు వాగులను చూచినవారికి ఇదియే ముందు ముందు నగరమును ముంచిన నది యని నమ్మబుద్ధికాదు. వేసవిలో అడుగు తడవకుండ దాటవచ్చును.

నది యొడ్డుననే జనులు నడచుటకు కారణములు వెదుకనక్కరలేదు. త్రాగుటకు నీరు దొరకును, చెట్లనీడ దొరకును, దారి తప్పు భయము లేదు. పశువులను తోలుకొని వచ్చువానికి మేతయు దొరకును. అన్నిటికంటె ముఖ్యమైనది మరొకటి గలదు. నది యెప్పుడును పల్లమునకే పోవును. కాబట్టి మూట మోయువానికి ఎగుడులు తక్కువ. వానకాలములో మాత్రము యొడ్డు బురదయగుటచేత బాట మెరకకు జరుగును. ఈ విధముగ ఒకే త్రోవకు వేసవి రూపమొకటి, వానకాలపు రూపమొకటి యుండెను. ఊళ్ల పేళ్లలో దీని జాడలు నేటికిని గలవు. నార్సింగి ప్రక్కన మంచిరేవుల యను గ్రామము గలదు. ఆ పేరులో రేవను మాట స్పష్టముగ వినబడుచున్నది. ఏ కాలమందో నదిని దాటుటకు అనువైన చోటు చూచి యెవరో బాటసారి ఇది మంచి రేవని యనియుండును. ఇది నా యూహ మాత్రమే. కాని మన యూళ్ల పేళ్లను ఇట్లు విని చూచుట వ్యర్థమైన పని కాదు.

ఇక ఈ త్రోవను నడచువాని కంటికి మాటిమాటికి కనబడునది నదికంటె నెక్కువగ చెరువు. ఒక యూరి చెరువు మత్తడి దుమికిన నీరు వాగై క్రింది యూరి చెరువులో బడును. అది నిండి మత్తడి పోయిన నీరు ఆ క్రింది చెరువులో బడును. చివరకు మిగిలినది మూసీలో గలియును. కాకతీయులనాటినుండి మన దేశమున బెరిగిన గొలుసుకట్టు పద్ధతి ఇదియే. కట్టమీద కట్టమైసమ్మ, తూము దగ్గర నీరటికాడు, కట్టక్రింద వరిమళ్లు, ఈ మూడును లేని యూరు ఆ త్రోవలో అరుదు. బాటసారి చెరువుకట్టమీదనే నడచును, ఏలయన వానకాలమున పొడిగ నుండు దారి యదియొక్కటే. కావున నది యొడ్డు త్రోవ యనగా సగపాలు చెరువుకట్టల త్రోవయే యని గ్రహింపవలెను. ఈ సంగతిని జ్ఞాపకముంచుకొనుడు. 1908వ సంవత్సరపు కథ చెప్పునప్పుడు దీనితో పని యున్నది.

చిలుకూరు, గండిపేట దాటిన పిమ్మట త్రోవ గోలకొండ నీడలోనికి వచ్చును. ఇబ్రాహీంబాగు చెంత తారామతి బారాదరి యను పండ్రెండు ద్వారముల కట్టడము ఎత్తైన చోట నిలిచియున్నది. నాట్యగత్తె పాట గాలిలో దేలి కోటలోని సుల్తానునకు వినబడెడిదని చెప్పు కథ యందరకు నిష్టమే. బాటసారుల విడిదిగ గట్టబడినదన్న మాట నాకు మరింత యిష్టము. అటుపై లంగరుహౌసు కడ దక్షిణమునుండి వచ్చు ఈసీనది మూసీలో గలియును. ఆ సంగమముననే 1948 ఫిబ్రవరిలో గాంధీమహాత్ముని చితాభస్మములో కొంత నిమజ్జనము చేయబడెను. నేడు దానిని బాపూఘాట్ అందురు.

సంగమమునుండి పురానాపూల్ వరకు గల రెండు మూడు మైళ్ల యొడ్డే ఈ త్రోవయం దెల్ల చరిత్ర దట్టముగ బేర్కొనిన చోటు. కార్వాన్ అను పేట ఇచ్చటనే యున్నది. కార్వాన్ అనగా బిడారు, వర్తకుల గుంపు. గోలకొండ కోటకును క్రొత్త నగరమునకును నడుమ, నది వెంబడి, షాహుకార్లును దలాలులును వజ్రముల సానబట్టువారును కాపురముండిన తావు ఇది. 1671లో మూసాఖాను గట్టించిన టోలీమసీదు నేటికిని అచట గలదు. దాని రాతిచెక్కడమును చూచుటకైనను ఒకసారి పోవచ్చును. 17వ శతాబ్ది నడుమ ఇచటికి వచ్చిన టావెర్నియే యను ఫ్రెంచి రత్నవర్తకుడు తన యాత్రాగ్రంథమున ఒక విశేషము వ్రాసెను. భాగ్యనగరములో గొప్పవారు, రాజోద్యోగులు మాత్రమే నివసింతురనియు, వర్తకులు, దలాలులు, పనివాండ్రు నదికి ఆవల పొడవైన పేటలో నుందురనియు, ప్రొద్దున పది పదునొకండు గంటలకు వంతెన దాటి నగరములోనికి వచ్చి, సాయంకాలము నాలుగైదు గంటలవరకు వ్యాపారము చేసుకొని, మరల తమ యిండ్లకు పోవుదురనియు దాని భావము. పగలు నగరములో, రాత్రి వెలుపల! మూడువందల యేబది యేండ్లకు పైబడినను ఈ పద్ధతి యెంతగ మారెనో శంకరుపల్లినుండి దినదినము రైలెక్కి కూలికి వచ్చువారి నడుగుడు.

ఆ టావెర్నియేయే మరియొక సంగతిని వ్రాసెను. నగరద్వారము కడకు క్రొత్తవాడు వచ్చినచో, వానియొద్ద ఉప్పుగాని పొగాకుగాని యున్నదేమోయని కావలివారు మూటలు విప్పి శోధించెడివారట. రాజునకు ముఖ్యమగు నాదాయము ఆ రెండింటి పన్నువలననే. లోనికి పోవుటకు సెలవు దొరకువరకు ఒకటి రెండు దినములు వెలుపలనే నిలిచియుండవలసి వచ్చుటయు గలదట. మూడు దినములు నది వెంబడి నడచివచ్చిన పల్లెవానికి నగరము మొట్టమొదట చూపిన ముఖమిట్టిది. చార్మినారు శోభను వర్ణించినవారు వేలకొలది గలరు; ద్వారము బయట మూట విప్పుకొని కూర్చున్నవానిని తలచినవారు ఎవరును నాకు గానరాలేదు.

వంతెన విషయము. ఇబ్రాహీం కుత్బుషా 1578లో దీనిని గట్టించెను. పొడవు రమారమి 600 అడుగులు, వెడల్పు 35 అడుగులు. టావెర్నియే దీనిని పారిస్ నగరమందలి ప్రసిద్ధమైన రాతివంతెనతో పోల్చెను. తన దేశపు వస్తువుతో పోల్చుటకంటె బాటసారి చేయగల మెప్పు లేదు. నదికి ఆవల నుండిన భాగమతిని జూచుటకు రాకుమారుడు వరదలో గుర్రము నీదించెననియు, కుమారునిమీది ప్రేమచే తండ్రి వంతెన గట్టించెననియు కథ యొకటి ప్రచారములో నున్నది. మహమ్మద్ కులీ 1565లో జన్మించెను. వంతెన పూర్తియగునాటికి పదుమూడేండ్ల బాలుడు. లెక్క చూచినవారికి కథ నిలువదు. హారూన్ ఖాన్ షేర్వాణీగారు మొదలగు చరిత్రకారులు భాగమతి కథనే సందేహించిరి. ప్రేమకొరకు గాదు, బిడారులకొరకును, గోలకొండలో నిరుకు పెరుగుటచేత ఆవలి యొడ్డునకు ప్రాకుచున్న జనులకొరకును వంతెన లేచెనని నా యభిప్రాయము. నగరము 1591లో వెలసెను. వంతెన దానికంటె పదుమూడేండ్లు పెద్దది. అనగా దారి ముందు, ఊరు వెనుక.

ఇప్పుడు సికిందరాబాదు చీలికనుగూర్చి. 1562లో ఇబ్రాహీం కుత్బుషా కాలముననే హుస్సేన్‌షా వలీ హుస్సేన్‌సాగరమును గట్టించెను. చెరువెవరిదని రాజు అడుగగా జనులు హుస్సేనుదని చెప్పిరనియు, అందుచే రాజు తన పేరు నిలుపుకొనుటకు ఇబ్రాహీంపట్టణము చెరువు గట్టించుకొనెననియు చెప్పుకొందురు. ఈ హుస్సేన్‌సాగరమునకు నీరు ఎచ్చటినుండి? మూసీనుండియే. శంకరుపల్లి ప్రాంతమున బల్కాపురము కడ నదినుండి కాలువ తీసి, పుప్పాలగూడ, మణికొండ, షేక్‌పేట, ఖైరతాబాదు పొలముల మీదుగ ఆ నీటిని చెరువులోనికి తెచ్చిరి. కాలువ యున్నచోట కాలువగట్టు ఉండును, గట్టున్నచోట కాలిబాట యుండును. నదిని విడచి కాలువ వెంబడి నడచినవాడు సాగరపు కట్ట జేరును. కట్ట దాటిన పిమ్మట, 1798లో నిజామునకును ఆంగ్లేయులకును జరిగిన ఒడంబడిక ననుసరించి ఆంగ్లసేన విడిసిన మైదానము. 1806లో దానికి సికిందర్‌జా పేర సికిందరాబాదని నామకరణమయ్యెను. మా ముసలివారు నేటికిని దానిని లష్కరనియే యందురు. బోనాలకు గూడ లష్కర్ బోనాలనియే పేరు. లష్కరునకు పాలు, గడ్డి, కట్టెలు, కూరగాయలు దినదినము కావలసియుండెను. సేనలుండుచోటికి పల్లెలనుండి బాటలు పుట్టుటకు ఇంతకంటె హేతువు వలదు. ఈ సికిందర్‌జాకు మూసీతో గూడ నొక సంబంధము గలదు. 1820లో వరదలకు పురానాపూల్ చెడిపోగా మరల బాగుచేయించినవాడు ఆయనయే.

నది యొడ్డు త్రోవను చంపినది నది గాదు, వరద గాదు, రైలుబండి. 1874 అక్టోబరులో వాడినుండి సికిందరాబాదునకు ఇనుపదారి తెరచిరి. అది తాండూరు, వికారాబాదు, శంకరుపల్లి, లింగంపల్లి మీదుగ వచ్చును. పటము విప్పి చూడుడు: వికారాబాదునుండి ఇటు వరకు ఇనుపదారి మూసీకి ఇంచుమించు తోడునీడగ నడచును. మూడు దినముల నడకను బండి కొన్ని గంటలలో ముగించెను. మూట మోయువాడు మూటతోగూడ బండి యెక్కెను. నేను దీనిని తప్పని యనను. మోకాళ్ల నొప్పి యెరిగినవాడెవడును అట్లనడు. కాని ఒక తరము గడచుసరికి, కొండనుండి నగరమువరకు గల చెరువులను, మత్తడులను, వాగులను వరుసగ కాళ్లతో కొలిచి యెరిగినవారు నగరములో తక్కువైరి. బండి కిటికీనుండి చూచినచో చెరువు క్షణకాలము తళుక్కుమని మెరయును. కట్టకు బుంగ పడినదా, తూము చెడినదా యనునది కనబడదు.

ఇనుపదారి తెరచిన 34 సంవత్సరములకు 1908 సెప్టెంబరు 28వ తేదీ వచ్చెను. రైలు రాకచేతనే వరద వచ్చినదని నేననుట లేదు. వచ్చినది వాన. శంషాబాదులో 24 గంటలలో 12.8 అంగుళములును, 48 గంటలలో 18.9 అంగుళములును కురిసెనని లెక్క. కాని వాన యొక్కటియే నగరమును ముంచలేదు. మరుసటి యేట నిజాము ప్రభుత్వమువారు పిలిపింపగా వచ్చి పరిశోధించిన మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారు మూసీ పరీవాహక ప్రదేశమునందలి చెరువులను లెక్కించిరి. 862 చదరపు మైళ్ల నేలయందు 788 చెరువులు. అనగా ఇంచుమించు చదరపు మైలునకొకటి. వానిలో 221 చెరువులు ఆ వానకు తెగెను. ఇదివరలో గొలుసుకట్టని చెప్పితిని గదా. గొలుసున పై కడియము తెగినచో దాని బరువంతయు క్రింది కడియముమీద బడును. పై యూరి చెరువునకు గండిపడగా ఆ నీరంతయు క్రింది యూరి చెరువుమీద విరుచుకొనిపడెను, అదియు తెగెను, రెండింటి నీరు మూడవదానిమీద బడెను. ఈ విధముగ మూసీలోను, ఈసీలోను వచ్చిన నీరు సంగమము కడ నొక్కటై, తెల్లవారుజామున నిద్రలేవని నగరముమీదికి వచ్చెను. ఆ ప్రవాహము సెకండునకు 4,25,000 ఘనపుటడుగులని విశ్వేశ్వరయ్యగారు గణించిరి.

తరువాత జరిగినది మీలో పెద్దవారు తమ పెద్దలవలన వినియే యుందురు. ఇండ్లు 19,000 కూలెననియు, మృతులు 15,000 మందియనియు సాధారణముగ చెప్పుదురు. మృతుల సరియైన సంఖ్య ఎవరికి దెలియును? యొడ్డున గుడిసెలు వేసుకొన్నవారి పేళ్లు ఏ చిట్టాలో నున్నవి? అఫ్జల్‌గంజి వైపున నొక చింతచెట్టునెక్కి 150 మంది ప్రాణములు దక్కించుకొనిరి. ఆ చెట్టు తరువాత గట్టిన ఉస్మానియా ఆసుపత్రి యావరణములో నిలిచియున్నది. వరద పేరిట అచట స్మారకసభలు జరుగుచుండును. నగరపు వంతెనలు కొట్టుకొనిపోగా పురానాపూల్ దెబ్బతిన్నను నిలిచెను. ఆరవ నిజాము మహబూబ్ అలీఖాను రాజభవనముల తలుపులు నిరాశ్రయులకు తెరపించెను. ఆయన నదికి హారతి యిచ్చి శాంతింపజేసెనని జనులు చెప్పుకొందురు.

నేను ఈ వృత్తాంతమును చదివినప్పుడెల్ల నొక ప్రశ్న తోచును. మొదటి చెరువు తెగిన గడియకును, నగరములోనికి నీరు వచ్చిన గడియకును నడుమ ఎంతో కొంత కాలముండెను గదా. ఆ కాలములో పై యూళ్ల నీరటికాండ్రకు దెలిసినది నగరమునకు దెలియలేదు. చెరువు తెగిన యూరివారికి తమ ప్రాణములు, తమ గొడ్లు కాపాడుకొనుటయే దుర్ఘటమైయుండును. చీకటిలో, జడివానలో, వారిని తప్పుపట్టుటకు మనమెవ్వరము? కాని నగరమునందలి యధికారులకు తమ తలపై 788 చెరువులున్నవను సంగతి లెక్కగ దెలిసినది ఆ వరద వచ్చిపోయిన తరువాతనే. కట్టలమీదుగ నడచివచ్చిన బాటసారికి లెక్క తెలియకున్నను ఆ సంగతి తెలిసియుండును.

విశ్వేశ్వరయ్యగారి సలహా ననుసరించి రెండు పెద్ద జలాశయములు వెలసెను. మూసీమీద గండిపేట కడ ఉస్మాన్‌సాగరము 1920లోను, ఈసీమీద హిమాయత్‌సాగరము 1927లోను పూర్తియయ్యెను. గండిపేట యను పేరులోనే గండి యున్నది. అక్కడనే కట్ట వేసిరి. 1912లో నేర్పడిన నగరాభివృద్ధి సంస్థ నదికి గోడలు గట్టించి, యొడ్డున తోటలు వేయించెను. హైకోర్టు, ఉస్మానియా ఆసుపత్రి, సిటీ కళాశాల, 1936లో ఆసఫియా గ్రంథాలయ భవనము, ఇవియన్నియు నదివైపు నిలిచినవి. కొంతకాలము మూసీ యొడ్డు షికారునకు యోగ్యమైన తావయ్యెను. దీనిని కాదనరాదు.

అయితే పైన కట్ట పడుటచేత క్రింద నదికి నీరు తగ్గెను. నగరము పెరుగుచు తన మురుగును అందులోనికి విడిచెను. వరుసగ ముప్పది నలుబది యేండ్లు గడచుసరికి, వానకాలమున తప్ప, మూసీలో పారునది నగరపు మురుగే యయ్యెను. పల్లెవాడు నీటికొరకు ఏ యొడ్డు పట్టుకొని నడచివచ్చెనో ఆ యొడ్డున ముక్కు మూసుకొని నడువవలసి వచ్చెను. నగరము దాటిన పిమ్మట తూర్పు పల్లెలవారు ఆ నీటితోనే గడ్డి పెంచి బర్రెలకు మేపి, ఆ పాలను మరల నగరమునకే యమ్ముదురు. మనము క్రిందికి విడిచినది ఏదియును మనలను విడువదు గదా.

విదేశములలో గూడ ఇట్టి త్రోవ లున్నవి. ఇంగ్లండులో థేమ్సునది పుట్టిన పచ్చికబయళ్లనుండి లండను నగరమువరకు 184 మైళ్ల కాలిబాటను 1996లో జాతీయపథముగ ప్రకటించిరి. క్రొత్తగ వేసినది తక్కువ. పడవలను ఒడ్డునుండి త్రాళ్లతో లాగుటకు గుర్రములు నడచిన పాత బాటలనే చాలవరకు కలుపుకొనిరి. అచట ప్రజలు వాడిన కాలిబాటకు చట్టము హక్కు నిచ్చును. పొలము యజమాని దానిని మూయరాదు. మన దేశమునను నర్మదా పరిక్రమమున్నది. ఒక యొడ్డున సముద్రమువరకు నడచి, ఆవలి యొడ్డున మరలుదురు. అచట త్రోవను కాచునది చట్టము గాదు. దారిలోని గ్రామముల ధర్మబుద్ధి. మూసీకి ఈ రెండును లేవు. థేమ్సువారికున్న చట్టము లేదు. నర్మదవలె పుణ్యనదియను పేరును లేదు.

1996లో గండిపేట, హిమాయత్‌సాగరముల చుట్టు 84 గ్రామములలో పెద్ద కట్టడములను నిషేధించు 111వ సంఖ్యగల ఉత్తరువు వెలువడెను. ఆ నిర్బంధములను సడలించుచు 2022లో మరియొక ఉత్తరువు వచ్చెను. పొలముల ధరలు పెరుగునని సంతోషించినవారిని నేనెరుగుదును. మత్తడి కాలువలు పూడిపోవునని దిగులుపడినవారిని గూడ నెరుగుదును. ఒకే యింట ఈ ఇద్దరు నుండుట గలదు. 2024లో మూసీని బాగుచేయు పథకము పేరిట నదీగర్భమునందలి పేదల యిండ్లకు ఎర్రగుర్తులు వేసిరి. చాదర్‌ఘాటు ప్రాంతమున కొన్నిటిని కూల్చిరి. 1908లో మునిగినవారును యొడ్డున నివసించు పేదలే. 2025 సెప్టెంబరు చివర జలాశయముల తలుపులెత్తగా మూసీ నీరు మహాత్మాగాంధీ బస్సు నిలయములోనికి వచ్చి, ప్రయాణికులను త్రాళ్ల సాయమున వెలుపలికి తేవలసివచ్చెను. ఆ నిలయమున్న చోటికి ఇమ్లీబన్ అని పేరు. ఇమ్లీబన్ అనగా చింతతోపు. వెనుకటివారు నది నడుమ చెట్లు పెంచిరి. మనము బస్సులు నిలిపితిమి.

గ్రామపు పెద్దలైన మీకు నొక మనవి. నది యొడ్డు త్రోవలో నేడు నిలువున మూతపడిన తునుకలు గలవు. ఒకచోట తోటయింటివారి గోడ, మరియొకచోట ముళ్లకంచె, ఇంకొకచోట మట్టికుప్పలు. అడిగినచో దారి యెన్నడు నుండెనని వారే యడుగుదురు. దానికి జవాబు చెప్పగలవి రెండే: మీ జ్ఞాపకము, మీ గ్రామపు నక్షా. పాత నక్షాలలో బండ్లబాటలును కాలిబాటలును గీతలుగ గుర్తింపబడియుండును. వానిని చూచి, ఆ బాట యే సర్వే నంబరుల నడుమ పోవుచున్నదో, ఏ చెరువుకట్ట యెక్కుచున్నదో, ఏ రేవులో దిగుచున్నదో మీ పంచాయతీ పుస్తకములో వ్రాయించి యుంచుడు. రేవుల పేళ్లు, మత్తడుల పేళ్లు, కట్టమైసమ్మలుండు చోట్లు, ఏ వాగు ఏ చెరువులో బడునను సంగతి మీతో గూడ వ్రాతలోనికి రావలెను. పై యూరివారిని, క్రింది యూరివారిని పిలిచి పొలిమేర కడ రెండు పుస్తకములను ప్రక్క ప్రక్కన బెట్టి చూచుకొన్నచో మరియు మంచిది.

మూసీకి ఎగువనున్న నొక గ్రామమున ఇట్టి పాత నక్షా నొకదానిని నాకు చూపిరి. బట్టమీద అంటించిన కాగితము; మడతల కడ చిరిగియున్నది. కాలిబాటను తెలుపు సన్నని గీత ఊరిలో బయలుదేరి, చెరువుకట్టను పట్టుకొని వంగి, నదికి దిగి నిలిచిపోయినది. ఆవలి యొడ్డు వేరొక గ్రామముది. దాని నక్షా వేరు. ఆ యూరివారిని గూడ అడిగి తెప్పించితిమి. రెండు కాగితములను నది గీత కడ కలిపి చూడగా, బాట సరిగ ఆ చోటనే ఆవలి యొడ్డున మరల లేచి, నగరమువైపు పోవుచుండెను.